ఇంగువ చెయ్యి, జింకపిల్ల

మొన్న నగరం నడుమనున్న గిండీ అడవి అంచున, స్కూటర్లు నిలిపేచోట కూర్చుని పెరుగన్నం పొట్లం విప్పానో లేదో, ఒక చుక్కల జింక పేరంటానికి పిలిచినంత ధీమాగా నడిచొచ్చి నా చేతిని వాసన చూసింది. ఇదే చేతిని చూసి ముప్పై ఏళ్ళ కిందట ఒక తల్లిజింక కన్నబిడ్డ దగ్గరికి రాలేకపోయింది.

మా పుట్టింటివాళ్ళు రాయపురంలో ఇంగువ వ్యాపారులు. హార్బరు నుంచి వచ్చే చేపల కంపు కూడా మా గుమ్మం దాకా వచ్చి, నమస్కారం పెట్టి వెనక్కిపోయేదంటే చూసుకోండి. గిండీ చెట్ల పక్కనున్న మామగారి క్వార్టర్సుకి కాపురానికి వచ్చినప్పుడు నాతో నాలుగు పెట్టెలూ, ఆ వాసనా వచ్చాయి.

వచ్చిన పదోనాటి పొద్దున, కంచె అవతల గడ్డిలో అరచేతిలో పట్టేంత జింకపిల్ల (సరే, మేకపిల్లంతే అనుకోండి) ఒంటరిగా పడుకుని ఉంటే, తల్లి వదిలేసిందనుకుని ఎత్తుకొచ్చేశాను. అంతటితో ఆగానా, పురిటిబిడ్డకు చేసినట్టు పసుపునీళ్ళతో తుడిచి, దేవుడు ఒంటినిండా పెట్టిన చుక్కలు చాలవన్నట్టు నుదుట కాటుకతో దిష్టిచుక్క కూడా పెట్టాను.

మా అత్తగారు చూసి గుండెలు బాదుకున్నారు. "ఏందమ్మే ఈ పని! మేతకి పోతా తల్లి దాన్ని ఆడ దాచిపెట్టి పోయింటే, నీ ఇంగువ చేత్తో తాకితివే, ఇంక అది దగ్గరికి చేరనిస్తదా?"

పిల్లను తీసిన చోటే పెట్టి, ఇంటిల్లిపాదీ కంచె దగ్గర నిలబడి ఎదురుచూశాం. తల్లి చెట్ల మధ్య కనిపించింది, ముక్కు పైకెత్తింది, ముందుకాలు నేలకేసి టపటపా కొట్టి వెనక్కి పోయింది. అలా ఎన్నిసార్లో. పిల్ల మాత్రం మెడ నేలకానించి, అరవను కూడా అరవకుండా పడి ఉంది. నేను చేతులు చర్మం ఊడేలా చింతపండుతో తోముకుంటూ ఏడ్చాను.

మధ్యాహ్నానికి, ఏడాదికి మూడు మాటలకు మించి మాట్లాడని మా మామగారు నోరు విప్పారు. "వాసన కాదు, మనమే దానికి అడ్డం. లోపలికి రాండి, తలుపెయ్యండి."

కిటికీలోంచి చూడటానికి కూడా ఒప్పుకోలేదాయన. సాయంత్రానికి గడ్డిలో పిల్ల లేదు. తల్లి తీసుకుపోయిందో, కుక్కల పాలైందో తెలియక మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. నాలుగోనాడు చెట్ల నీడలో తల్లి వెనకే నడిచిపోతున్న పిల్ల నుదుట మసకగా నల్లచుక్క. ఆ పూట పులుసులో ఇంగువ నన్నే వెయ్యమన్నారు మా అత్తగారు.

ఇప్పుడు ఆ వ్యాపారమూ లేదు, తలుపెయ్యమనే మామగారూ లేరు, నా చేతికి సబ్బు వాసన తప్ప మరొకటి లేదు. జింక నా పొట్లం మీది ప్లాస్టిక్ కాగితాన్ని నమలబోతుంటే లాక్కుని లేచి, ఆనాటి తల్లిజింకలాగే కాలు నేలకేసి కొట్టాను, కొంచెమైనా భయపడి పొమ్మని.

అది నావంక ఒకసారి చూసి, ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది.