పెద్దసుబ్బమ్మకు రాని రోగం లేదు

పెద్దసుబ్బమ్మకు ఒకసారి వచ్చిన రోగం మళ్లీ రాదు. ప్రతిసారీ కొత్తది వస్తుంది.

పోయిన నెల మోకాళ్లు. దానికి ముందు గొంతులో గడ్డ. అంతకు ముందు గుండెలో ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు చప్పుడు. ఏ రోగమూ ఆమె దగ్గర నిలవదు. ఆసుపత్రి మెట్లు ఎక్కేటప్పుడు ఉంటుంది, దిగేటప్పుడు ఉండదు.

అరవై దాటిన మనిషి. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో ఆమె ఊరు. ఇంటి ముందు గొర్రెల దొడ్డి. కాలు విరిగిన పొట్టేలును భుజాన వేసుకొని చేను అడ్డంగా దాటి వస్తుంది. బస్సు ఆపకుండా పోతే ఆమె తిట్టే తిట్లు డ్రైవరుకు తర్వాతి ఊరి దాకా వినబడతాయి. అంతటి మనిషి డాక్టరు గది ముందుకు రాగానే గోడ పట్టుకుంటుంది. కళ్లు సగం మూస్తుంది. "నా కత అయిపోయిందప్పా" అంటుంది.

డాక్టర్ హేమలతకు ప్రొద్దుటూరులో ఆసుపత్రి ఉంది. జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి చిన్న క్లినిక్కులు. మూడింటికీ పెద్దసుబ్బమ్మ పోతుంది. మోకాళ్లకు పులివెందుల గాలి మంచిదట. గొంతుకు ప్రొద్దుటూరు. ఒకచోట చెప్పిన రోగం ఇంకోచోట చెప్పదు. ఎందుకని అడిగితే, "ఆడ చూసినారు గదా, మళ్లా ఈడ చూపించేదేంది? రోగమేమన్నా పెండ్లికూతురా, అందరికీ చూపించేదానికి?" అంటుంది.

ఒంటరిగా మాత్రం పోదు. సంచి మోయడానికి ఎవరో ఒకరు తోడు ఉండాలి. ఆ తోడు కూడా రోగంలాగే, పోయినసారి వచ్చినవాళ్లు ఈసారి రారు.

ఈ అలవాటు ఇన్నేళ్లూ ఎవరికీ అడ్డు రాలేదు. నాగలతకు అడ్డొచ్చింది.

నాగలత ప్రొద్దుటూరు పిల్ల. హేమలత అడిగితే ఆమె ఒక యాప్ తయారు చేస్తోంది. మనిషి ఎక్కడ చూపించుకున్నా, ఏ మందు వాడినా, ఏ పరీక్ష చేయించినా అంతా ఒకచోట ఉంటుంది. పులివెందుల డాక్టరు రాసింది ప్రొద్దుటూరు డాక్టరుకు కనబడుతుంది. పరీక్ష ఫలితం రాగానే ఆ ఇంటి ఫోనుకు చేరుతుంది. చదవడం రానివాళ్ల కోసం ఫోనే చదివి వినిపిస్తుంది. ఆ గొంతు నాగలతదే. ఇంటివాళ్లందరికీ తెలిస్తే రోగిని బాగా చూసుకుంటారు గదా అని ఆమె ఆలోచన. యాప్ మొత్తంలో ఆమెకు బాగా నచ్చిన భాగం అదే.

ముందుగా పాత రోగుల కాగితాలు ఎక్కించింది. పెద్దసుబ్బమ్మ దగ్గర యాప్ మొండికేసింది. ఆమె బీపీ ఒక వారం పాతాళంలో ఉంది, మరుసటి వారం ఆకాశంలో ఉంది. బరువు పండగకూ పండగకూ మధ్య సగమై, మళ్లీ నిండింది. అన్నిటికీ మించి, ప్రొద్దుటూరులో ఆమె రక్తం బి గ్రూపు. పులివెందులలో ఓ గ్రూపు.

నాగలతకు విసుగు రాలేదు. కుతూహలం పుట్టింది. రక్తం మార్చుకునే మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

"మేడం, ఈమె ఎవరు?" అని హేమలతను అడిగింది.

హేమలత కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఆమె కాగితాలు పక్కన పెట్టు నాగలతా."

"ఎందుకు మేడం?"

"ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇద్దరికీ అట్లా కుదిరింది."

ఆ జవాబుతో కుతూహలం రెట్టింపయింది.

జమ్మలమడుగు క్లినిక్కులో యాప్ మొదలుపెట్టిన రోజు నాగలత అక్కడే కూర్చుంది. పెద్దసుబ్బమ్మ వచ్చింది. ఆ రోజు ఎన్నడూ లేనిది, తోడు లేదు. కొంగు చాటున చిన్న సీసా ఉంది.

"అవ్వా, ఈసారి ఏమైంది?" నాగలత పక్కన జరిగి చోటిచ్చింది.

"ఏం చెప్పమంటావు పాపా. వాంతులు. తల తిరుగుడు. అన్నం వాసన చూస్తే కడుపులో దేవుతాండాది."

"మోకాళ్లు తగ్గినాయా?"

"ఏ మోకాళ్లు?"

"పోయిన నెల పులివెందులలో చూపించినారు గదా."

పెద్దసుబ్బమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నీకెట్ల తెల్సు?"

"ఈ ఫోనులో అన్నీ ఉంటాయవ్వా."

"అన్నీనా?" ముసలామె ఫోను వైపు వంగింది. పాము పుట్టలోకి చూసినట్టు చూసింది. "ఇంత చిన్నదానికి అంత వాగుడెందుకు పాపా?"

ల్యాబు కిటికీ దగ్గర ఖలీల్ ఆమెను చూడగానే నవ్వాడు. "రా అవ్వా. ఈసారి ఏం పరీక్ష?"

"అన్నీ చెయ్యప్పా. ఆ కడ్డీ పరీక్ష గూడ చెయ్యి."

"ఏ కడ్డీ?"

"గీతలు పడ్తాయంటనే, అది."

ఖలీల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అవ్వా, అది కడుపుతో ఉండేదీ లేనిదీ చూసే కడ్డీ."

"ఉంటే ఉంటాది, లేకుంటే లేదు. నీ సొమ్మేం పోతాది?"

ఖలీల్ ఆమె తెచ్చిన సీసా తీసుకొని తమాషాకు చేశాడు. తర్వాత కడ్డీని వెలుతురులో పెట్టి చూశాడు. ఇంకో కడ్డీ తీసి మళ్లీ చేశాడు. రెండో కడ్డీ కూడా మొదటిదాని మాటే చెప్పింది. వచ్చిన ఫలితం ఏదైనా ఉన్నదున్నట్టు ఎక్కించాలని నాగలత పొద్దున్నే గట్టిగా చెప్పి ఉంది. అతను ఎక్కించాడు. ఆమె చెప్పిన పని కాబట్టి ఆమెను అడగలేదు.

ఆ సమయానికి పెద్దసుబ్బమ్మ ఇంటికి పోయే బస్సులో ఉంది, ఆమె కొడుకు నరేష్ ఊళ్లో టీ అంగట్లో ఉన్నాడు. చుట్టూ ఊరి మగాళ్లు. ఫోను మోగింది. చేతిలో గ్లాసు ఉంది కాబట్టి బల్ల మీదే పెట్టి నొక్కాడు. ఫోను స్పష్టంగా, తీయగా, అంగడంతా వినబడేలా చెప్పింది:

"పెద్దసుబ్బమ్మ గారికి శుభాకాంక్షలు. మీరు తల్లి కాబోతున్నారు. బరువులు మోయకండి. సంతోషంగా ఉండండి."

టీ కాచే మనిషి పాలు పొంగించాడు. ఒక పెద్దాయన బీడీ తిప్పి నోట్లో పెట్టుకున్నాడు. నరేష్ ఫోను ఆపాలని నొక్కితే అది మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

అతను వెంటనే క్లినిక్కుకు ఫోను చేసి నాగలతను పిలిపించాడు. "ఏందక్కా ఇది? మా నాయన పోయి శానా ఏండ్లాయ! నాకు తమ్ముడు పుడ్తాడంట, ఊరంతా కలిసి పేరు పెడ్తాండారు!"

నాగలత దొరికిన ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఆమె చెప్పాల్సిన మాట సిద్ధం చేసుకుంది. యాప్ తప్పు చెప్పలేదు. ఖలీల్ తప్పు చేయలేదు. ముసలామె వేరేవాళ్ల సీసా తెచ్చింది. ఆ ఒక్క మాట అందరి ముందూ చెబితే ఆమె పరువు నిలుస్తుంది, యాప్ పరువూ నిలుస్తుంది.

పెద్దసుబ్బమ్మ వాకిట్లో వీధంతా ఉంది. ముసలామె అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. అందరికంటే గట్టిగా నవ్వుతున్నది పక్కింటి వెంకటమ్మ.

"వదినా, మొగపిల్లోడా, ఆడపిల్లా?"

"ఏదైతేనేం, నీ మాదిరి గొంతు లేకుంటే చాలు."

"అయితే నిజమేనా?"

"మిషన్ చెప్పినాక ఉంటాది. చదువుకున్న మిషనంట, మనకంటే దానికి ఎక్కువ తెల్సు."

నాగలత ముందుకొచ్చింది. "అందరూ ఒక్క నిమిషం వినండి."

జనం నోళ్లు తెరిచారు. "ఈ గొంతే! ఫోన్లో చెప్పింది ఈ పిల్లే!"

"పొరపాటు జరిగింది. అవ్వ తెచ్చిన సీసా..."

పెద్దసుబ్బమ్మ ఒక్క ఉదుటున లేచి ఆమె మణికట్టు పట్టుకుంది. పొట్టేళ్లను లొంగదీసిన చెయ్యి అది. "అమ్మా, కండ్లు తిరుగుతాండాయి. లోపలికి పట్టకపో పాపా." ఎవరు ఎవరిని పట్టుకుపోతున్నారో చూసినవాళ్లకు తెలియలేదు. తలుపు మూసుకుంది.

లోపల వంటింట్లో పొయ్యి పక్కన ఒక చిన్నామె ముడుచుకొని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. వెంకటమ్మ కోడలు పావని.

నాగలతకు అర్థమైంది. మిగతాది పెద్దసుబ్బమ్మే చెప్పింది, గొంతు తగ్గించి.

"ఈ బిడ్డకు రెండుసార్లు నిలవలేదు. నీళ్లు పోసుకుందని తెల్సిన పూటే వెంకటమ్మ ఊరంతా చెప్పుకొచ్చె. చెడ్డది గాదు పాపా, సంతోసం దాచుకోలేదు, అంతే. పోయినప్పుడు ఊరంతా వరస కట్టి పలకరించేదానికొచ్చె. ఒక్కొక్కరికీ మొదట్నుంచి చెప్పల్ల. ఆ చెప్పడంతోనే ఈ బిడ్డ సగం చచ్చె. ఈసారి నిలిచేదాకా ఎవరికీ తెలియగూడదంటాది. మొగునికి తెల్సు, ఆయప్ప ఎర్రగుంట్లలో లారీ మీద ఉంటాడు. ఆ కడ్డీ కొనేదానికి మందులంగడికి పోతే ఆ అంగడాయన వెంకటమ్మకు తమ్ముడు."

"అందుకని మీరు..."

"నాకైతే ఎవరడుగుతారు? నాకు రోజూ ఏదో ఒకటి ఉంటానే ఉంటాది గదా."

నాగలత గోడకు ఆనుకుంది. క్లినిక్కుల్లో అందరి నోటా విన్న ఆ తోడు మనుషులు ఒక్కొక్కరే ఆమె కళ్ల ముందు మెదిలారు. డాక్టరు గదిలోకి పెద్దసుబ్బమ్మ మూలుగుతూ పోతుంది. సంచి పట్టుకున్న మనిషి వెనక పోతుంది. బయటికి మాత్రం పెద్దసుబ్బమ్మ ముందు వచ్చేస్తుంది, ఆ మనిషి చాలాసేపటికి వస్తుంది.

"అవ్వా, మోకాళ్లు?"

"ఒకామెవి."

"గొంతులో గడ్డ?"

"ఇంకొకామెది. గడ్డంటే భయపడి రానంటే, నాకే వచ్చింది తోడు రామే అని పిల్చకపోయినా. చూస్తే ఏమీ లేదు, ఉత్త వాపు."

"గుండెలో చప్పుడు?"

"అది మీసాలాయనది. మీసాలుండే వాళ్లకు భయం శానా ఎక్కువ. పేర్లు అడగొద్దు పాపా, చెప్పను."

"మరి మీకు?"

"నాకేంది?"

"మీకు ఏ రోగమూ లేదా?"

పెద్దసుబ్బమ్మ నిజంగానే ఆలోచించింది. "నాకు యాడ తీరుబాటు పాపా, గొర్రెలతోనే సరిపోతాండాది."

బయట నవ్వులు వినబడుతున్నాయి. పావని తల ఎత్తి నాగలతను చూసింది. నాగలత నోట్లోంచి వచ్చే మాట మీదే ఇప్పుడంతా ఆగి ఉంది. సీసా మారిందంటే, ఎవరి సీసా అని వీధి వెతుకుతుంది. వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు.

నాగలత తలుపు తీసి అరుగు మీద నిలబడింది.

"తప్పు మాదే," అంది. "మా యాప్ సరిగ్గా తయారు కాలేదు. అవ్వకు ఏమీ లేదు."

"అయితే మిషన్‌కే కడుపొచ్చిందా?" అంది వెంకటమ్మ. వీధి మళ్లీ నవ్వింది. నాగలత కూడా నవ్వింది. అబద్ధం చెప్పాననుకుంది గానీ, మెట్లు దిగుతుంటే ఆ మాటలో అబద్ధం ఏమీ లేదని ఆమెకు తోచింది.

మరుసటి రోజు ప్రొద్దుటూరులో హేమలత అంతా విన్నది. టీ అంగడి భాగం రెండోసారి చెప్పించుకొని నవ్వింది. "యాప్ తప్పని ఊరంతా చాటావు. ఇప్పుడు ఎవరు నమ్ముతారు దాన్ని?"

"నమ్మే మాదిరి చేస్తాను మేడం. ఇంకొంచెం సమయం ఇవ్వండి."

ఇచ్చింది. నాగలత తనకు బాగా నచ్చిన భాగాన్నే ముందు తీసేసింది. ఇప్పుడు ఫలితం ఏ ఇంటి ఫోనుకూ తనంతట తాను పోదు. ఎవరికి తెలియాలో రోగి చెబుతుంది. ఎవరికీ వద్దంటే యాప్ నోరు మూసుకుంటుంది. ఎవరి పేరున వాళ్ల కాగితాలు. ఫోను లేనివాళ్లు క్లినిక్కులోనే చూసుకుని పోవచ్చు. పెద్దసుబ్బమ్మ పేరున ఉన్నవన్నీ, ఎవరివని అడగకుండానే రోగాన్ని బట్టి ఒక్కొక్కటే విడదీసి, రక్తం గ్రూపు గడి ఖాళీగా వదిలింది. ఆమె రక్తం ఇంతవరకూ ఎవరూ పరీక్ష చేయలేదు.

ఆ వారమే పెద్దసుబ్బమ్మకు నడుము పట్టేసింది. ప్రొద్దుటూరు పోక తప్పదంది. సంచి ఎవరు మోస్తారు? వెంకటమ్మకు జాలేసింది. తన కోడలినే పిలిచి, "ముసలామె ఒక్కతే ఎట్ల పోతాది, తోడు పోయిరామే" అని బస్సెక్కించింది. హేమలత గదిలోంచి పెద్దసుబ్బమ్మ ముందుగా బయటికొచ్చి, నాగలత పక్కన కూర్చొని, వేరుశనక్కాయలు వొలుచుకుంటూ చాలాసేపు ఎదురుచూసింది.

వీధి మాత్రం ఆ వేళాకోళాన్ని వదల్లేదు. ఆడవాళ్లు నీళ్లకు పోతూ, "ఏం తినాలనిపిస్తాంది వదినా?" అని అడిగేవాళ్లు.

పెద్దసుబ్బమ్మ గంభీరంగా ఆలోచించేది. "పచ్చిమామిడికాయ," అనేది. లేకపోతే, "గోంగూర. పుల్లగా, కారంగా."

ఆ జవాబుకు వెంకటమ్మ పడీపడీ నవ్వి, నిజంగానే చేసి తెచ్చేది. పెద్దసుబ్బమ్మ గిన్నె మూత తీసి, వాసన చూసి, మొహం చిట్లించేది.

"పండ్లు జివ్వుమంటాండాయిమే. తీసకపోయి మీ కోడలికి పెట్టు, పారేసేదెందుకు?"

"నువ్వడిగితేనే గదా చేసింది!" అని గొణుక్కుంటూ వెంకటమ్మ గిన్నె పట్టుకొని ఇంటికి పోయేది. పావనిని ఎదురుగా కూర్చోబెట్టి, ముసలామె చాదస్తం గురించి తిట్టుకుంటూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా దగ్గరుండి తినిపించేది.