పాట చెవికి పచ్చ బిళ్ళ

శృంగవరపుకోటలో నాకో రికార్డింగు గది ఉంది. గది అనడం మర్యాదకే. కిటికీ మూసేసిన కొట్టది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, కంప్యూటరు నిండా కోడ్లు.

మా అత్త, ఆమె తోడికోడలు పాడిన నాట్ల పాటను అక్కడే రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టాను. పెట్టేముందు ఇద్దరినీ కూచోబెట్టి పాఠం చెప్పాను. ఆల్బమ్ మొత్తానికి ఒక బార్‌కోడు, సబ్బు అట్టమీది గీతల్లాంటిది. లోపలున్న ఒక్కో రికార్డింగుకూ అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండింటితో మరో కోడు. ఆ పాట ఎక్కడ మోగినా దాన్నిబట్టే ఫలానాదని గుర్తుపడతారు.

"మా గేదె సెవికి సర్కారోళ్ళు పచ్చ బిళ్ళ ఏసినట్టేటిరా?" అంది అత్త.

"అలాగే అత్తా."

"దానికీ పన్నెండంకెలే. పాలు మాత్రం మనమే పిండుకోవాల" అంది తోడికోడలు.

ఏడాది తిరక్కుండానే, అత్త 'సెల్లీ' అని పిలిచే ఆ తోడికోడలు పోయింది. తర్వాత నేను మంచి మైకు కొన్నాను. పాత రికార్డింగులో రేకుల మీద వాన చప్పుడు ఉండేది, నాకది నచ్చేది కాదు. అత్తను పిలిచి అదే పాట మళ్ళీ పాడించాను. నాట్లలో ఒకరు అంటే ఇంకొకరు అందుకోవాలి. అత్త ఒక చరణం అని, అలవాటుగా కాసేపు ఆగి, తనే అందుకుంది. ఆ ఆగడాన్ని కూడా నేను చక్కగా కత్తిరించేశాను.

పాట అదే, గొంతు అదే, ఇన్నాళ్ళూ విన్నవాళ్ళ లెక్క ఎందుకు పోగొట్టుకోవాలని పాత కోడే కొత్తదానికీ ఇచ్చేశాను. పాటలు వినిపించే యాప్‌లు రెండూ ఒకటేననుకుని, పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని ఆ చోట కూచోబెట్టాయి. నా తెలివికి కోడు లేదు గానీ, ఉంటే ఆ రోజే రద్దయ్యేది.

రెండోరోజు అత్త ఫోను.

"ఒరే, పాటలో మా సెల్లి ఏదిరా? రోజూ బియ్యం సెరుగుతూ ఇంటాను కదా, ఇయ్యాల నేనొక్కదాన్నే పాడతన్నాను."

చేసింది చెప్పాను.

"గేదె పోతే దాని బిళ్ళ దూడకి ఏస్తార్రా?"

నేను చెప్పిన పాఠం నాకే తిరిగొచ్చింది. కోడు పాటకు కాదు, ఆ పాట పాడిన ఆ ఒక్క పూటకు. ఆ పూట మళ్ళీ రాదు.

పాత ఫైలు కంప్యూటర్లో 'పనికిరానివి' అన్న చోట దొరికింది. పాటల్ని ఆ యాప్‌లకు చేరవేసే కంపెనీకి తప్పు ఒప్పుకుంటూ రాశాను. పాతదాన్ని దాని కోడుతో దాని చోట పెట్టించి, కొత్తదానికి కొత్త కోడు తీసుకున్నాను. వారం పట్టింది. సరయ్యాక స్వయంగా అత్త ఇంటికెళ్ళి ఫోనులో పెట్టాను.

రేకుల మీద వాన చప్పుడు మొదలైంది. అత్త గొంతు ఒక చరణం అని ఆగింది. రెండో గొంతు అందుకుంది. అత్త చేట కింద పెట్టి చివరిదాకా వింది.

"కొత్తదానికి బిళ్ళ ఏసినావా?"

"ఏసినానత్తా."

"అయితే అదీ ఉండనీ" అని, మొదటిదే మళ్ళీ పెట్టమంది.