గొర్రెల మధ్య దిగిన పెద్దబాతులు

1961 చలికాలం నాటికి నేను మహబూబ్‌నగర్ జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఒక రేంజికి ఫారెస్టు రేంజరుగా వచ్చి ఏడాది దాటింది. రేంజరంటే గార్డులకు, ఫారెస్టర్లకు పెద్ద. జిల్లా అటవీ అధికారి, అంటే డీఎఫ్ఓ గారికి చిన్న. పైనుంచి వచ్చే తిట్లు, కింది నుంచి వచ్చే అర్జీలు ఆ కుర్చీ దగ్గరే ఆగేవి.

గుట్టల మీది అడవితోపాటు నది వెంబడి పల్లపు నేల కూడా నా రేంజిలోనే ఉండేది. వానాకాలంలో కృష్ణ పొంగి దాన్ని ముంచేది. నీళ్లు తగ్గాక ఒండ్రు మీద పచ్చిక లేచేది. చలికాలమంతా అక్కడ పెద్దబాతులు మేసేవి. హిమాలయాల అవతలి నుంచి వస్తాయవి. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల, దాని వెనక రెండు నల్ల చారలు. వాటిని చూడాలంటే కదలకుండా కూర్చోవాలి. నాకది శిక్ష. పుట్టుకతోనే కాలు నిలవని మనిషిని.

ఆ పల్లాన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా చేయాలని పైన ఆలోచన మొదలైంది. చేస్తే మేత బందు. డీఎఫ్ఓకు పై అధికారి అయిన కన్జర్వేటరు గారు స్వయంగా వచ్చి, పక్షులను చూసి నిర్ణయిస్తారని కబురు అందింది.

మేత బందైతే దెబ్బ తగిలేది కొమురయ్య, ఎల్లమ్మ దంపతులకు. సర్కారుకు పుల్లరి, అంటే మేత పన్ను, కట్టి ఏటా ఆ పల్లంలోనే మంద మేపుకునేవారు. అది గొర్రెలు ఈనే కాలం. గుట్ట మీద గడ్డి అప్పటికే ఎండిపోయింది. పచ్చి మేత లేకపోతే తల్లులకు పాలు పడవు, పిల్లలు బతకవు.

సందర్శనకు ముందురోజు డీఎఫ్ఓ గారు వచ్చి, సాయంత్రంకల్లా మందను గుట్ట మీదికి తోలించమన్నారు. పై అధికారి వస్తున్నారంటే జాగా ఖాళీగా, శుభ్రంగా కనబడాలన్నది మా శాఖలో అందరికీ ఉన్న అలవాటు. బాతులు రోజూ ఆ గొర్రెల పక్కనే మేస్తాయని చెప్పబోయాను. "వారు వచ్చేది పక్షుల కోసమయ్యా, గొర్రెల కోసం కాదు" అని కసిరారు. ఒళ్లు మండింది. అయినా ఉత్తర్వు ఉత్తర్వే.

నేనే వెళ్లి చెప్పాను. కొమురయ్య తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఎల్లమ్మ ఊరుకోలేదు.

"పుల్లరి కట్టించుకున్నప్పుడు లేని బాతులు గిప్పుడు యాడికెల్లి వచ్చినయ్ సార్? గొర్లు మొన్ననే ఈనినయ్. పిల్లలు గుట్ట ఎట్ల ఎక్కుతయ్?"

పిల్లలను పల్లం అంచున కంపతో కట్టిన దొడ్డిలోనే ఉంచి, ఆమెను కాపలా ఉండమన్నాను. రాత్రికి వాటి కడుపు నింపడానికి మందలోని రెండు పాలమేకలను కూడా ఉంచుకోమన్నాను. డీఎఫ్ఓ గారికి ఆ దొడ్డి తుమ్మల వెనక కనబడదు. తల్లులను కొమురయ్య గుట్ట మీదికి తోలుకుపోయాడు.

మర్నాడు పొద్దున కన్జర్వేటరు గారు దూరదర్శినితో వచ్చారు. కొమ్మలు, ఆకులతో కట్టిన మరుగులో ముగ్గురం కూర్చున్నాం. పల్లం ఖాళీగా ఉంది. పెద్దబాతులు నది నడుమ ఇసుకమేట మీద గుంపుగా నిలబడి మెడలెత్తి చూస్తున్నాయే తప్ప ఇటు రావడం లేదు. ఎండ ఎక్కుతోంది. డీఎఫ్ఓ గారు నా వైపు గుర్రుగా చూశారు, బాతులను నేనే బెదరగొట్టినట్టు. నా కాళ్లు తిమ్మిరెక్కాయి. లేచి నాలుగడుగులు వేస్తేగాని ప్రాణం కుదుటపడేలా లేదు. ఇవి దిగకపోతే, గొర్రెల వల్లే పక్షులు చెదిరిపోయాయని కాగితం మీదికి ఎక్కుతుంది. అదే నా భయం.

అప్పుడు గుట్ట వైపు నుంచి దుమ్ము లేచింది. రాత్రంతా పిల్లలకు దూరమై, పొదుగులు నిండి సలుపుతుంటే తల్లి గొర్రెలు ఆగలేదు. అరుచుకుంటూ పల్లంలోకి ఉరికాయి. వెనక కొమురయ్య గొంగడి ఊపుతూ, "ఆగుండ్రి, ఆగుండ్రి! నా కొంప ముంచకుండ్రి!" అంటూ పరుగు. మందకుక్క వాటిని మళ్లించడం మాని పక్కనే నడిచి వచ్చింది.

డీఎఫ్ఓ గారు లేచి, తోలించమని నన్ను గదిమారు. నేను సగం లేచాను. కన్జర్వేటరు గారు నా మోచెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

ఎల్లమ్మ దొడ్డి తెరవగానే తల్లులు పిల్లలకు పాలిచ్చి, దాని చుట్టూ మేతకు పరుచుకున్నాయి. కాసేపటికి ఇసుకమేట మీది గుంపు లేచింది. ఒక చుట్టు తిరిగి, గొర్రెల పక్కనే దిగి మేయసాగింది. కొన్ని గొర్రెల కాళ్ల దగ్గరిదాకా వచ్చాయి. నాకు ఈల వేయాలనిపించింది.

ఇదేమిటని కన్జర్వేటరు గారు అడిగారు. అప్పుడు చెప్పాను. గొర్రెలు కొరికి పొట్టి చేసిన పచ్చికే బాతులకు వాటం. పైగా మంద ఉన్నచోటికి కుక్క భయంతో నక్క రాదు. మనుషులు తిరుగుతుంటారు కనక తుపాకి పట్టుకున్నవాడూ రాడు. ఖాళీ పల్లమంటే వాటికి ప్రమాదమున్న పల్లం. ఆయన చాలాసేపు దూరదర్శిని దించలేదు. డీఎఫ్ఓ గారు టోపీ సర్దుకుంటూ ఉండిపోయారు.

ఉత్తర్వు నెల తిరగకుండానే వచ్చింది. పల్లంలో వేట బందు, మేత పాత పద్ధతినే సాగుతుంది. వెళ్లి చెబితే కొమురయ్య గొంగడి కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు. ఎల్లమ్మ మాత్రం, "గట్లయితే గా బాతుల కాడ గూడ పుల్లరి వసూల్ చేయుండ్రి సార్, మా గడ్డే తింటున్నయ్" అని నవ్వింది.

తర్వాత ఉద్యోగంలో ఎన్నో తనిఖీలు జరిగాయి. పై అధికారి వస్తున్నారని ఏ జాగానూ ముందుగా ఖాళీ చేయించలేదు. దానికి తిట్లు కూడా తిన్నాను. చూడవచ్చినవారికి ఉన్నది ఉన్నట్టు చూపించాలి. మనం సర్దిపెట్టింది చూసి వెళ్లినవారు రాసే ఉత్తర్వు, ఎక్కడా లేని జాగాకు పనికొస్తుంది. దాన్ని మోయవలసింది మాత్రం ఉన్న జాగాలోని మనుషులు.