బాబాయి మోసుకొచ్చిన చింతపిక్కలు

నా చిన్నప్పుడు తిరువూరులో మా పక్కింటి అక్కకు చూపు ఉండేది కాదు. పసితనంలో అమ్మవారు పోసి కళ్ళు పోయాయి. ఎక్కడో దూరాన చూపులేని పిల్లల బడిలో చదువుకుంటూ వేసవి సెలవులకు ఇంటికి వచ్చేది. దళసరి కాగితం మీది బొడిపెలపై వేళ్ళు పాకిస్తూ ఆమె చదువుతుంటే నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఆ బొడిపెల్లో అక్షరం ఎక్కడ దాక్కుందా అని నాకు ఒకటే ఆరాటం.

నా పోరు పడలేక ఒకరోజు వామనగుంటల పీట తెమ్మంది. పీటను నిలువుగా పెట్టించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పైనున్న ఆరు గుంటలు చాలంది. ఎడమవైపు పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడు. కుడివైపు నాలుగు, ఐదు, ఆరు. గుంటలో చింతపిక్క ఉంటే చుక్క, అంటే కాగితం మీద బొడిపె, ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఒకటిలో, మూడులో పిక్కలుంటే ‘క’. ఇంతేనా అనిపించింది. ఆ ఏడు మాగాయ జాడీకెక్కేలోగా నాకు అక్షరాలన్నీ వచ్చేశాయి.

ఆ వేసవిలోనే బాబాయి, అంటే అక్కవాళ్ళ నాన్న, ఇక బడికి పంపనన్నాడు. మామిడితోటలు కౌలుకు చేసే మనిషి. కూతురంటే ప్రాణం, చిక్కంతా అక్కడే.

“అంత దూరాన కష్టమొస్తే ఆ చుక్కల్లోనే రాసుద్ది. ఈ ఊళ్ళో చదివేవాళ్ళెవరు?” అన్నాడు.

అక్క ఏడవలేదు, అన్నం మానలేదు. నన్ను పీట వేసుకుని మా వసారాలోనే ఉండమని కబురు పెట్టి, తన వసారాలో కూర్చుని తండ్రిని పిలిచింది.

“నాన్నా, నే చెప్పే అంకెలు గోడవతలకి మోసుకెళ్ళి, పిల్లకి చెప్పకుండా పీట మీద పై ఆరు గుంటల్లో పిక్కలు పెట్టు. ఎడమవైపు పైనుంచి ఒకటి, రెండు, మూడు, కుడివైపు నాలుగు, ఐదు, ఆరు. చదివిద్దో లేదో నువ్వే చూడు.”

బాబాయి పంచె ఎగ్గట్టి “ఒకటి, రెండు” అని మనసులోనే వల్లె వేసుకుంటూ వచ్చాడు. పీట నిలువుగానే ఉంది, కానీ ఆటలో అలవాటు కదా, ఆ కొసన ఆయన, ఈ కొసన నేను ఎదురెదురుగా కూర్చున్నాం. పిక్కలు పెట్టాడు. నాకు ముక్క అర్థం కాలేదు. నేను చదవలేకపోతే అక్క చదువు ఆగిపోయినట్టే. ఆయన నిట్టూర్చి లేవబోతుంటే అప్పుడు తట్టింది, ఆయనకు పైనున్న గుంట నాకు కిందుందని. గబుక్కున లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

‘బ’. అక్షరం దానంతట అదే కనిపించింది. ఆయన మళ్ళీ వెళ్ళొచ్చి ఒకటి, రెండు, నాలుగు, ఆరు పెట్టాడు. ‘డ’. ఇంకోసారి వెళ్ళొచ్చి రెండు, నాలుగు. అది గుడి, ‘డ’కు తగిలిస్తే ‘డి’.

“బడి, బాబాయ్” అన్నాను.

ఆయన గుంటల్లో పిక్కల్ని వేలితో తడిమాడు. “నాకే తెలీకుండా నా చేత్తో నేనే మోసుకొచ్చానే” అన్నాడు. బడి తెరిచేనాటికి ఆయనే అక్కను బస్సెక్కించి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఉత్తరం వచ్చిందంటే చొక్కా కూడా వేసుకోకుండా మా ఇంటికి పరిగెత్తుకొచ్చేవాడు.

ఈమధ్య మా మనవరాలు ఫోనులో అవే చుక్కలు చూపించింది. ఫోను దాచుకునేది అక్షరాన్ని కాదట. మొదటి చుక్కకు ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ పోయి, ఉన్న చుక్కల విలువలు కూడితే ఏ గుర్తుకు ఆ గుర్తుకు వేరే అంకె వస్తుందట. అది తెలుగులో ఏ అక్షరమో, ఇంకో భాషలో ఏ అక్షరమో దానికి పట్టదు, మోసుకెళ్ళి అప్పజెబుతుంది. నాకు నవ్వొచ్చింది. పంచె ఎగ్గట్టిన బాబాయి కళ్ళముందు మెదిలాడు.

ఇప్పటికీ ఎదుటివాళ్ళు చెప్పేది బుర్రకెక్కకపోతే నేను వాదించను. లేచి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను.