తగినంత అంటే ఎంత?

బన్ను విరిస్తే పొరలుగా విడిపోవాలి గానీ పొడి రాలకూడదు. ఆ వీధిలో ఆ విద్య పిండి వదిన ఒక్కదానికే తెలుసు. ఆడపడుచు "వదినా, వదినా" అని పిలిచీ పిలిచీ వీధి మొత్తానికి అదే పేరు అలవాటు చేసింది. కూరగాయలమ్మే ముసలాయనకు కూడా ఆవిడ వదినే.

పద్దెనిమిదేళ్ళు ఆవిడ ఒక బేకరీలో నిలబడి పిండి పిసికింది. చెయ్యి ఈవిడది, బోర్డు మీద పేరు యజమానిది. సరే, లోకం తీరే అంత అనుకుందాం. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, ఒక స్టూలు వేయించండి అని అడిగితే ఆ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "కూర్చునేవాళ్ళకి ఇంట్లో కుర్చీలుంటాయి." పద్దెనిమిదేళ్ళ చాకిరీకి దక్కిన మర్యాద అది! వదినకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టి, "అయితే ఇంట్లోనే కూర్చుంటానండీ" అని వచ్చేసింది.

వచ్చి కూర్చుందా? ఇంట్లోనే ఓవెన్ పెట్టింది. ఆసుపత్రి క్యాంటీను చూసుకునే ఆవిడ ఒక బన్ను తిని, "ఇన్నాళ్ళూ మాకొచ్చినవి మీ చేతివా? ఒకటో తారీఖు నుంచి మీరే వెయ్యండి. ప్యాకెట్ మీద లైసెన్సు నంబరు మాత్రం ఉండాలి. లేకపోతే పాతాయనకే ఇవ్వాల్సొస్తుంది" అంది. పాతాయన ఎవరో చెప్పాలా? స్టూలు వెయ్యని పెద్దమనిషే.

ఇక మొదలైంది లైసెన్సు ఆఫీసు చుట్టూ తిరుగుడు. నీళ్ళ పరీక్ష చేయించారు, ఒంటి పరీక్ష చేయించారు. వాటికి వదిన ఏమీ అనుకోలేదు. "తినేది రోగులు, చూడాల్సిందే" అంది. దరఖాస్తులో ఒక పట్టిక ఉంది, ఏ పదార్థం ఎంత వేస్తారో రాయాలి. వదిన చెబుతుంటే ఆడపడుచు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. మైదా నాలుగు డబ్బాలు. ఉప్పు తగినంత. నీళ్ళు పిండి అడిగినంత.

తనిఖీ అధికారి అది చదివి తప్పు చెప్పి పంపిస్తే సరిపోయేది. కానీ ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గదిలో ఉన్న నలుగురు గుమాస్తాలకూ వినబడేలా చదివాడు.

"పిండి అడుగుతుందట! ఏమ్మా, పిండి నీతో మాట్లాడుతుందా?"

గది గొల్లుమంది.

"మాట్లాడుతుందండీ. వినేవాళ్ళకి వినిపిస్తుంది" అంది వదిన.

"తగినంత అంటే ఎంత? ఇది ప్రభుత్వ కాగితం, వంటల పుస్తకం కాదు. గ్రాముల్లో రాసుకురా, పో" అని కాగితం బల్ల మీదకు విసిరాడు.

గ్రాముల్లో రాయాలన్నది నిజమే, కాదనడం లేదు. కానీ ఒక మనిషికి తప్పు చెప్పడానికి నలుగురిని నవ్వించాలా? ఆవిడ వయసుకైనా విలువ లేదా? వదిన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. సందు చివర కొట్లో చిన్న కాటా కొనుక్కుని ఇంటికొచ్చింది.

నాలుగు డబ్బాల మైదా సరిగ్గా కిలో తూగింది. ఇక ఉప్పు. వదిన డబ్బాలో చెయ్యి పెట్టి ఎప్పుడూ తీసేంత తీసి కాటా మీద వేసింది. పద్దెనిమిది గ్రాములు. మళ్ళీ తీసింది, మళ్ళీ పద్దెనిమిదే. ఆడపడుచు పదిసార్లు వేయించింది. తొమ్మిదిసార్లు పద్దెనిమిది, ఒక్కసారి పంతొమ్మిది.

"ఆ ఒక్కసారీ నువ్వు పక్కన దగ్గావు" అంది వదిన.

"వదినా, నీ చెయ్యే కాటా!"

"ఆ మాట నాకెందుకు, ఆ మారాజుకి చెప్పు."

అన్నీ గ్రాముల్లో రాసిచ్చారు. ఒకటో తారీఖు మూడు రోజుల్లో ఉందనగా అధికారి ఇంటికి తనిఖీకి వచ్చాడు. మూతలు ఎత్తి చూశాడు, సింకు కింద తొంగి చూశాడు, అలమర మీద వేలు పెట్టి రుద్దాడు. దుమ్ము అంటుకుంటేగా! చివరికి కిటికీ వైపు చూసి పెదవి విరిచాడు.

"వెలుతురు చాలదనిపిస్తోంది. ఇంకో లైటు పెట్టించి మళ్ళీ దరఖాస్తు పెట్టుకో."

మళ్ళీ అంటే ఇంకో నెల. బన్నులు మళ్ళీ పాతాయనకే. వదినకు ఒళ్ళు మండింది.

"రూల్లో ఏముందో ఒకసారి చదవండి."

ఆయన చేతిలోని కాగితం చూసి చదివాడు. "వంటగదిలో తగినంత వెలుతురు, తగినంత గాలి ఉండవలెను."

"తగినంత అంటే ఎంతండీ?"

ఆయన కాగితం తిప్పి చూశాడు. వెనకవైపు ఏమీ లేదు. గురివింద గింజకు తన కింద నలుపు కనిపించదంటారు, ఆ రోజు కనిపించింది. వదిన కాటా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"గ్రాముల్లో చెప్పండి, రాసుకుంటాను. ప్రభుత్వ కాగితం కదా."

ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా ఆయన నివేదిక రాసి సంతకం పెట్టాడు. గుమ్మం దాటబోతూ గొంతు తగ్గించి, "ఆ రోజేదో సరదాకి అన్నానమ్మా, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. కాటా చూశాకే ఆయనకు బహువచనం గుర్తొచ్చింది. ఎగతాళేమో నలుగురి ముందు. ఈ మాట మాత్రం గోడలకు కూడా వినబడకుండా!

వదిన మర్చిపోలేదు. మర్చిపోవడానికి ఆవిడేమన్నా దేవతా?

మర్నాడే లైసెన్సు తీసుకోవడానికి వెళ్ళింది. అదే గది, అదే నలుగురు గుమాస్తాలు, కుర్చీలో ఆయన. నంబరున్న కాగితం చేతికిచ్చారు, దాని వెనకే తనిఖీ నివేదిక కుట్టి ఉంది. వదిన కళ్ళజోడు పెట్టుకుని, గది మధ్యలో నిలబడి, నలుగురికీ వినబడేలా చదివింది.

"వెలుతురు, తగినంత. గాలి, తగినంత."

ఒక్కరూ తలెత్తలేదు.

"ఏం నాయనా," అంది వదిన, "ఇవాళ నవ్వు రావట్లేదా?"