ప్లాస్టిక్ కవర్లో చీటీ

నైరోబీ నుంచి మా ఆఫీసుకు వచ్చిన ఆమె, ఎక్కడికెళ్లినా మూర్ఛ మాత్రల చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లేది. తెలంగాణ బంద్ రోజునే మాత్రలు అయిపోయాయి. ఇద్దరం నడిచి తిరిగితే, మాదాపూర్‌లో ఒక్క మందుల షాపు సగం షట్టర్ ఎత్తి ఉంది.

షాపాయన ఆమెను చూశాడు, చీటీని చూడలేదు. "బయటి దేశం చీటీ ఇక్కడ నడ్వది. మన డాక్టర్ రాసియ్యాలె" అన్నాడు.

"సరే, మా అమ్మకియ్యన్నా" అన్నాను, అదే మాత్ర పేరు చెప్పి.

"ఎన్ని గావాలె?" అంటూ కత్తెర తీశాడు.

బయటికొచ్చాక జరిగింది ఇంగ్లిషులో చెప్పాను. ఆమె చీటీని నలగకుండా మళ్లీ కవర్లో పెట్టుకుంటూ, "అతను మీ అమ్మ చీటీ అడగలేదా?" అంది.

అతనికి నేను థాంక్స్ కూడా చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.