మామ విమానానికి మరకలు

మా మామ ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల ఒంటికి రేకుపని చేసేవాడు. ఇంజను ఆయనది కాదు, తుపాకీ ఆయనది కాదు. పైన కనిపించే తొడుగు, దాని రివెట్లు, మూతలు, మడతబందులు ఆయనవి. సర్వీసు అయిపోయి డోన్‌లో మా దగ్గరికి వచ్చేశాక చాలాకాలం ఆయనకు చేతినిండా పని దొరకలేదు. మా ఇంట్లో బిగుసుకుపోయిన తలుపులన్నీ బాగుచేశాడు. అవి అయిపోయాక పక్కింటివాళ్ల తలుపులు మొదలుపెట్టాడు. మా ఆయన గూడ్సుబండ్లు నడుపుతాడు. ఏ పూట ఇంట్లో ఉంటాడో, ఏ పూట గుంతకల్లులో ఉంటాడో ఆయనకే తెలియదు. నేను ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. అందుకని పగలంతా ఇంట్లో మిగిలేది నేనూ, మామా, అత్తా.

ఆయన పనిచేసిన మిగ్ రకం విమానాలు ఇక ఎగరవని, వాటికి వీడ్కోలు చెబుతున్నారని ఒకరోజు టీవీలో చూపించారు. మామ కుర్చీలోంచి లేచి టీవీ ముందుకెళ్లి నిలబడ్డాడు. ఆ వార్త అయిపోయి వాతావరణం మొదలైనా అక్కడే ఉన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఒగటి చేసుకుంటా" అన్నాడు. ఏమిటని అత్త వంటింట్లోంచి అడిగింది. విమానమన్నాడు. అత్త ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది. చేసుకోమంది, తలుపులకంటే అదే నయమంది.

మేము ఏ అరచేతంత బొమ్మో అనుకున్నాం. ప్లైవుడ్డు, థర్మోకోలు తెచ్చి ఆయన కట్టిన అస్థిపంజరం మా నవ్వారు మంచమంత పొడవైంది. రెక్కలు విడిగా ఊడదీసి పెట్టేట్టు చేశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే అది పుట్టిన గదిలోనే ఉండిపోవాల్సి వచ్చేది. రెండు స్టూళ్ల మీద దాన్ని హాల్లో పెట్టాడు. ఆ రోజునుంచి మేము టీవీ పక్కకి వంగి చూడడం నేర్చుకున్నాం.

కట్టెకు నేరుగా రంగు పూస్తే అది ఆటబొమ్మ అవుతుందని ఆయన పట్టు. రేకు విమానానికి రేకే ఉండాలి. బజారులో దొరికిన రేకు మందంగా ఉంది, ముక్కు దగ్గర వంపు తిరగలేదు. ఆ వారంలోనే నేను నా కుట్టుపనికి కార్డులు అచ్చు వేయించడానికి ప్రెస్సుకు వెళ్లాను. అక్కడ గోడకు ఆనించి వాడేసిన అల్యూమినియం ప్లేట్లు కట్టలుగా ఉన్నాయి. ఒకసారి అచ్చు అయిపోయాక అవి పాత సామాన్ల వాడికే. పలచగా, అట్టలాగా వంగుతున్నాయి. కొన్ని అడిగి తెచ్చాను. మామ ఒకదాన్ని వేళ్ల మధ్య వంచి, వదిలి, మళ్లీ వంచి నా వైపు చూశాడు. అంత మెప్పు చూపు నేను ఆయన దగ్గర ఇంతకుముందు ఎప్పుడూ సంపాదించుకోలేదు.

ప్లేట్ల మీద పెండ్లిపత్రికలు, గృహప్రవేశాలు, కోచింగు సెంటర్ల కరపత్రాలు అచ్చుల ముద్రలతో అట్లాగే ఉన్నాయి. అక్షరాల వైపు లోపలికి పోయేట్టు అతికించాలి. అతికించే ముందు అత్త ప్రతి ఒక్కటీ పైకి చదివేది. ఒక పెండ్లిపత్రిక చదివి, వాళ్లు తన పుట్టింటి వైపు దూరపు చుట్టాలని, మనల్ని పిలవనే లేదని కోపం తెచ్చుకుంది. ఆ పెండ్లి ఇప్పుడు ఎడమరెక్క లోపల ఉంది.

పలచటి రేకైనా వంచితే మళ్లీ లేచి నిలబడేది. దానికి మామ దగ్గర ఉపాయం ఉంది. బట్టలసబ్బు రేకంతా రుద్ది, గ్యాసుపొయ్యి మంట మీద తిప్పుతూ కాచేవాడు. సబ్బు గోధుమరంగు తిరిగి నల్లబడబోయే వేళకు చప్పున తీసేయాలి. చల్లారాక ఆ రేకు గుడ్డలాగా మాట వినేది. వంటిల్లంతా చాకిరేవు కాలినట్టు వాసన. పప్పు పొయ్యి మీద పెట్టే వేళకు ఈయన రేకుతో వస్తాడని అత్త ముందే వంట ముగించుకోవడం మొదలుపెట్టింది.

రివెట్ల దగ్గర నేను ఆ పనిలోకి దిగాను. ఆయన మేకు మొనతో ఒక్కొక్క చుక్క నొక్కుతుంటే వరుస పాములా వంకర్లు పోతోంది. మా పనిలో ఒక పళ్లచక్రం ఉంటుంది; కొలత గీతలు ఒక గుడ్డ మీదనుంచి కింది గుడ్డకు దింపడానికి దాన్ని నడిపిస్తాం. దాన్ని తెచ్చి స్టీలు స్కేలు పక్కన రేకు మీద నడిపించాను. మిషను కుట్టులాగా తిన్నగా చుక్కలు పడ్డాయి. నేను వెనకవైపు నుంచి నడిపాను కాబట్టి అవి పైకి బొడిపెల్లా లేచాయి. మామ తల అడ్డంగా ఊపాడు. ఆ విమానంలో రివెట్లు పొడుచుకు రావట, గాలికి అడ్డం కాకుండా రేకు మట్టానికి దిగి ఉంటాయట. వేలికి తెలియాలి, కంటికి మాత్రం పక్కవెలుతురులోనే కనిపించాలి. సరే అని రేకు తిప్పి పైవైపునుంచి మెత్తగా నడిపాను. ఈసారి ఆయన కళ్లు మూసుకుని వేలితో తడిమి, "ఇప్పుడుండాది" అన్నాడు.

అప్పటినుంచి మధ్యాహ్నం జాకెట్ల పని తెమిలాక నేను స్టూలు లాక్కుని కూర్చునేదాన్ని. రేకుకూ రేకుకూ మధ్య అతుకుగీతలు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీసేవాళ్లం. ఇంజెక్షను సూది మొన అరగదీసి, ఆ గుండ్రటి అంచు అద్దితే స్క్రూ తలకాయ వచ్చేది. ప్రతి మూత గీసేటప్పుడూ ఆయన దాని సంగతి చెప్పేవాడు. ఒక మూత వెనక చేయి దూరాలంటే సన్నటి చేయి కావాలట, అందుకే ఎవరి పనైనా సరే ఈయన్నే పిలిచేవారట. ఇంకొకటి ఎండాకాలంలో ముట్టుకుంటే బొబ్బలెక్కేదట. ఎడారి పక్క ఊళ్లో ఉద్యోగం, ఇంటి నుంచి జాబు రావడం, క్యాంటీనులో గోధుమరొట్టెలు తిని తిని మన జొన్న సద్దిరొట్టె కోసం మొహం వాచిపోవడం, అన్నీ మూతల వెంబడే బయటపడ్డాయి. పెండ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే.

తొడుగు పూర్తయి, గుర్తులూ సన్నటి అక్షరాలూ వేశాక కాలనీవాళ్లు చూడటానికి వచ్చారు. అందరూ శానా బాగుండాదన్నారు. నాకు మాత్రం ఏదో కుదరలేదు. పెండ్లిలో చదివించిన స్టీలు బిందెలాగా తళతళలాడుతోంది. నా పనిలో కొత్త గుడ్డకూ కట్టిన గుడ్డకూ తేడా ముట్టుకోకుండానే తెలుస్తుంది. మోచేతి దగ్గర, చంక దగ్గర మనిషి ఉన్న ఆనవాలు ఉంటుంది. దీని మీద ఎవరూ ఎక్కిన ఆనవాలు లేదు. ఆ మాటే అనేశాను.

"మామా, ఇది ఇప్పుడే షాపులోనించి తెచ్చినట్టుండాది. ఎగిరినట్టు లేదు. రోంత మురికి పూద్దామా?"

ఆయన చేతిలోని బ్రష్షు కింద పెట్టాడు.

"నా విమానం మురికిగా పొయ్యింది ఎవురన్నా జూసినారా? దినామూ తుడిసి పంపించినోన్ని నేను. మురికుండాదంటే నేను పని చెయ్యలేదని."

ఆ తర్వాత రెండు మూడు రోజులు నాతో అత్త ద్వారానే మాట్లాడాడు. నేను పక్కనే ఉన్నా, నీళ్లు కావాలని అత్తకు చెప్పేవాడు, అత్త నావైపు చూసేది, నేను నీళ్లిచ్చేదాన్ని. ఎవరికీ కష్టం లేకుండానే జరిగిపోయింది గానీ, మధ్యాహ్నాలు నాకు తోచలేదు.

అప్పుడు జమ్మలమడుగు నుంచి ఆయన స్నేహితుడు వచ్చాడు. ఒకే చోట, ఒకే విమానాల మీద ఇద్దరూ పనిచేశారు. ఆయనది ఇంజను పని. కర్నూలులో మాజీ సైనికుల కలయిక ఉంటే, దానికి మా ఇంటి మీదుగా వెళ్దామని నాలుగు రోజులు ముందే దిగాడు. విమానాన్ని అక్కడికి తీసుకెళ్లాలని అప్పటికే మామ నిర్ణయం. స్నేహితుడు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కర్బూజాలు అత్తకిచ్చి, చెప్పులు విడవకముందే విమానం చుట్టూ తిరిగాడు. తోక దగ్గర ఆగాడు.

"ఏమప్పా, ఇది పెద్దాఫీసరు వచ్చే దినం విమానమా? తోక కాడ నలుపు యాడ?"

ఇంజను పొగ కక్కేదని నీ నోటితో నువ్వే ఒప్పుకుంటున్నావు కదా అని మామ అన్నాడు. పొగ కక్కని ఇంజను ఎగరని ఇంజనని స్నేహితుడన్నాడు. మాట అక్కడ మొదలై పొట్ట కిందికి పాకింది. పొట్ట కింద ఎప్పుడూ ఒక నూనె చార ఉండేదట. అది ఇంజను వైపునుంచి కారిందని మామ, తొడుగు మూత సరిగా మూయక కారిందని స్నేహితుడు. ఇద్దరూ నేల మీద వెల్లకిలా పడుకుని విమానం కిందికి దూరారు. అత్త వచ్చి రెండు జతల కాళ్లు చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది.

"ఈడ కాదు, ఈ మూత కాడ" అని మామ వేలు పెట్టి చూపించాడు. చూపించాక ఆయనకే అర్థమైంది, మరక ఉండేదని ఒప్పుకున్నానని. అట్లా పడుకునే నన్ను పిలిచాడు, అత్త ద్వారా కాదు.

"రామ్మా. పెట్టు ఆ మరక. ఎవుని వల్ల కారిందో చూసేటోళ్లే చెప్తారు."

ఇక తర్వాత రెండు రోజులూ మా ఇల్లు పండగే. దీపం మసి కొబ్బరినూనెలో కలిపి తోకకు పట్టించాం. జెట్టు వేడికి రేకు రంగు మారే చోట పలచటి నీలం, గోధుమరంగు ఒకదాని మీద ఒకటి వేశాం. నూనె చారకు చిక్కటి టీ డికాషనులో జిగురు కలిపాం. ఎడారి దుమ్ము కావాలన్నారు. మా ఊళ్లో దొరికేది ఎర్రమట్టి, నల్లమట్టి. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ బయట తెల్లటి రాతిపొడి కుప్పలుగా పడి ఉంటుంది. స్నేహితుడు పోయి ఒక సంచి నింపుకొచ్చి నా పాత వాయిల్ గుడ్డలో జల్లించాడు. మెకానిక్కులు ఎక్కిదిగే రెక్క మొదట్లో బూట్ల రాపిడి గీతలు నేనే పెట్టాను. స్క్రూల పక్కన స్క్రూడ్రైవరు జారిన గాట్లు మాత్రం మామ తన చేత్తోనే పెట్టుకున్నాడు. అవి స్నేహితుడి చేతిపనేనని చెబుతూ పెట్టాడు.

కర్నూలు వెళ్లాల్సిన ముందురోజు మధ్యాహ్నం వాళ్లిద్దరూ గూడ్సు ఆటో మాట్లాడటానికి వెళ్లారు. నేను కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అత్త చీర కుచ్చిళ్లు దోపుకుని, పక్కన బకెట్టు పెట్టుకుని, విమానం తోక తుడుస్తోంది. మిగతాదంతా అప్పటికే అయిపోయింది.

నలుగురి ముందుకు పోయే వస్తువు ఇట్లా మసిగొట్టుకుని పోతే ఇంటిమీద చెడ్డపేరని ఆమె ఉద్దేశం. "చింతపండు పెడదామనుకుంటి. రేకు యాడ నల్లబడ్తాదో అని సబ్బునీళ్లతోనే తుడిసినా" అంది, జాగ్రత్త పడ్డానన్న తృప్తితో. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను.

మగవాళ్లిద్దరూ వచ్చారు. మామ గుమ్మంలోనే ఆగిపోయాడు. బకెట్టులో నల్లనీళ్లు చూశాడు, అత్త చేతిలో గుడ్డ చూశాడు. అత్తకు అప్పుడు అనుమానం వచ్చి గుడ్డ వెనక్కి పెట్టుకుంది. స్నేహితుడు మాత్రం మెల్లగా వెళ్లి విమానం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇట్ల రాప్పా" అన్నాడు.

పడమటి కిటికీలోంచి ఎండ పడుతోంది. అత్త గుడ్డ పైమసిని తీసుకుపోయింది గానీ, రివెట్ల గుంతల్లోకీ అతుకుగీతల్లోకీ పోలేకపోయింది. అంతవరకూ పక్కవెలుతురు ఉంటే తప్ప కనిపించని వరుసలన్నీ ఇప్పుడు సన్నగా, నల్లగా తేలి ఉన్నాయి. ఒక్కొక్క మూత ఎక్కడ తెరుచుకుంటుందో, ఏ స్క్రూ ఎక్కువసార్లు తిప్పారో తెలుస్తోంది. పొట్ట కింద చార ముప్పాతిక పోయి, పోయిన చోట జాడ మిగిలింది. రెక్క మీద గుడ్డ తిప్పిన తీరు కూడా లీలగా కనిపిస్తోంది. అది మురికి విమానం కాదు, కొత్త విమానమూ కాదు.

మామ వేలితో ఒక రివెట్ల వరుస వెంబడి రెక్క చివరిదాకా వెళ్లాడు.

"ఇది పొద్దున తుడిసిన విమానం" అన్నాడు. "దినామూ ఇట్లే ఉండె. నేను తుడిసినాక ఇట్లే ఉండె."

అత్త వైపు తిరిగి, ఇంత బాగా తుడవడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. నువ్వు విమానాలు తుడిచే కాలంలో నీ ఇల్లు తుడిచి నేర్చుకున్నానని ఆమె అంది. స్నేహితుడు నవ్వుతూ నేల మీదే చతికిలబడ్డాడు. నాకు మురికి దక్కింది, మామకు శుభ్రం దక్కింది. ఇద్దరి పనినీ అత్త బకెట్టు నీళ్లతో ముగించింది. తోకకు మసి మాత్రం మళ్లీ కాస్త పట్టించాం. పొట్ట కింద మామ ఒకే ఒక కొత్త చుక్క పెట్టాడు. ఎంత తుడిచినా ఎగిరి వచ్చేసరికి అది మళ్లీ కారేదట.

మేం నలుగురం వెళ్లేసరికి కర్నూలులో ఫంక్షను హాలు నిండా మనుషులు. విమానాన్ని గుమ్మం పక్కనే బల్లల మీద పెట్టారు. ఫోటోలు దిగేవాళ్లు దిగుతున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, చేతికర్రతో ఒక పెద్దాయన వచ్చాడు. ఆ రకం విమానాలు నడిపిన పైలట్టు అని ఎవరో చెప్పారు. ఆయన ఫోటో అడగలేదు. ముక్కు దగ్గర మొదలుపెట్టి ఎడమవైపుగా నడిచాడు. ఒక మూత మీద అరచేయి ఆనించాడు, రెక్క అంచు తడిమాడు, కర్ర మీద బరువు వేసి వంగి పొట్ట కింద చూశాడు, తోక చుట్టూ తిరిగి రెండో పక్కనుంచి మళ్లీ ముక్కు దగ్గరికి వచ్చాడు. ఎగిరే ముందు పైలట్లు అట్లాగే చుట్టు తిరిగి చూసుకుంటారని మామ తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం చేతులు పక్కలకు ఆనించి నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆయన వీపు అంత తిన్నగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"పోవచ్చునా?" అని పెద్దాయన అడిగాడు.

"పోవచ్చు సార్."

పెద్దాయన తల ఊపి, మరి కింద ఆ చుక్క ఏమిటన్నాడు. మామా, స్నేహితుడూ ఒకేసారి నోరు తెరిచారు. ఒకరు ఇంజనన్నారు, ఒకరు మూతన్నారు. ఆయన గట్టిగా నవ్వాడు. అప్పట్లోనూ తనకు ఇదే జవాబు వచ్చేదన్నాడు. మిగతాది మాత్రం చక్కగా తుడిచారని, ఎవరు తుడిచారని అడిగాడు. మామ పక్కకు జరిగి అత్తను చూపించాడు.

అత్త కొంగు సర్దుకుని, "నేనే" అంది.

ఆయన కర్రను చంకలో ఇరికించుకుని, రెండు చేతులూ జోడించి ఆమెకు నమస్కారం పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో వెల్దుర్తి దగ్గర ఆటో ఆపించి టీ తాగాం. మగవాళ్లిద్దరూ గ్లాసులు పట్టుకుని, ఆ చుక్క ఎవరి వల్ల కారిందో ఇంకా తేల్చుకుంటున్నారు. అత్త ఆటోలోంచి దిగలేదు. దారి దుమ్ము పడకుండా విమానానికి తన దుప్పటి కప్పి, ముక్కు మీద చేయి వేసి కూర్చుంది.